మైనస్ ఐదు కిలోల కేకు

ఈ మధ్య ఒక ఆదివారం లింగంపల్లిలో నేను చేసిన బేరం సంగతి మా ఆఫీసువాళ్ళెవరైనా మీకు చెప్పారా? చెప్పకపోతే ఈ ప్రసాద్ నోటనే వినండి. వాళ్ళైతే ఉప్పూ కారం దట్టించి చెబుతారు. అసలు సంగతికి అవేమీ అక్కర్లేదు. బేరమాడ్డానికి వెళ్ళి, అమ్మేవాళ్ళు చెప్పిన ధర కన్నా నలభై వేలు ఎక్కువిస్తానని కుర్చీలోంచి లేచి మరీ అరిచిన మగాణ్ణి ఈ హైదరాబాద్ మొత్తమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను!

అలాగని నాకు బేరం రాదనుకునేరు. మియాపూర్‌లో మా వీధిలోకొచ్చే కూరగాయల బండి దగ్గర కొసరు కొత్తిమీర పడందే నేను కదలను. అద్దె పెంచుతానని వచ్చిన మా ఓనర్‌తో కిచెన్‌కి రంగు వేయించి పంపించాను. అందుకే మా ఆవిడ సునీత వెబ్‌సైట్ కొందామన్నప్పుడు, "నువ్వేం మాట్లాడకు, బేరం నాకొదిలెయ్" అన్నాను. ఆవిడ నిజంగానే వదిలేసింది. పాపం, పెళ్ళైన ఇన్నేళ్ళకి కూడా ఒక్కోసారి నా మాట నమ్ముతుంది.

వెబ్‌సైట్ మాకెందుకంటారా? సునీత ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదలైన వ్యాపారం పక్క అపార్ట్‌మెంట్ల దాకా పాకింది. కానీ ఉన్నది చిన్న ఓవెన్, ఒక విడతకి ఒక్క కేకే అవుతుంది. అందుకని ఆ కేకుల డబ్బుతోనే చిట్టీ కట్టి, ఈ మధ్యే పాడుకుంది. చేతికి లక్షా అరవై వేలొచ్చాయి. ఆ డబ్బుతో రెండు జరగాలని ఆవిడ ఆశ. ఒకటి పెద్ద ఓవెన్. రెండోది గ్రేస్ టీచర్ గారి వెబ్‌సైట్.

గ్రేస్ టీచర్ గారు స్కూల్లో లెక్కలు చెబుతారు. ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్లోనూ మూకుడులోనూ కేకు ఎలా చేసుకోవచ్చో తెలుగులో రాసి, ఏళ్ళ తరబడి ఆ సైట్ నడిపారు. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ అయ్యారు, ఇక తీరిక లేదు. మంచిగా చూసుకునేవాళ్ళుంటే అమ్మేస్తానని సైట్‌లోనే రాశారు. సునీత కేకు చేయడం నేర్చుకుంది అక్కడే. "అదింకెవరి చేతిలోనో పడితే పాడు చేస్తారండీ. పైగా ఆ రెసిపీలు చదివేవాళ్ళలో సగం మంది చేసుకునే ఓపిక లేక నాకే ఆర్డరిస్తారు" అంది. ఆ రెండో మాటతో నేను కూడా లేచి కూర్చున్నాను.

మొదటిసారి లింగంపల్లిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు టీచర్ గారు లక్షా ఇరవై వేలు చెప్పారు. నేను అరవై అన్నాను. ఆవిడకి కోపం రాలేదు, విసుగు కూడా రాలేదు.

"చాయ్ తాగుండ్రి సార్, సల్లారిపోతున్నది" అన్నారు, అంతే.

నాకు కొంచెం భయమేసింది. ఎదురు బేరమాడని మనిషితో బేరం ఎలా ఆడాలి? సైట్ చెక్ చేసుకోవడానికి వారం రోజులు గడువడిగాను. ఆవిడ సరేనని, సైట్‌కి రోజూ ఎంతమంది వస్తున్నారో చూపించే గ్రాఫ్ నా ఫోన్‌లో కూడా కనిపించేలా పర్మిషన్ ఇచ్చారు. ఏమీ దాచుకోలేదు.

తిరిగొస్తుంటే బండి మీద సునీత దులిపేసింది. "సగానికి సగం అడుగుతారా? అదేమైనా కొత్తిమీర కట్టా!"

మర్నాడు ఆఫీసులో మా టీమ్ కుర్రాడు నవీన్‌కి సంగతి చెప్పాను.

"అన్నా, గీ సైట్లకు ఒక లెక్కుంటది" అన్నాడు. "నెలకు యాడ్స్ మీద ఎంతొస్తది?"

"నాలుగు వేలు."

"అయితే రెండేండ్ల ఆమ్‌దానీ ఇచ్చెయ్. తొంభై ఆరు వేలు. ఆమెకు నష్టం లేదు, నీకు నష్టం లేదు."

న్యాయమైన మాట. కానీ న్యాయమైన ధర ఇచ్చేస్తే అందులో మన గొప్పేముంది? నేను మరో పథకం వేశాను. నా ఉద్యోగం టెస్టింగ్. ఎవరో కష్టపడి కట్టిన సాఫ్ట్‌వేర్‌ని ఎలా పడగొట్టాలా అని చూడ్డానికే మాకు జీతమిస్తారు. ఈ సైట్‌లో తప్పులు పట్టుకుని టీచర్ గారి ముందు పెడితే ధర దానంతటదే దిగొస్తుంది కదా! మా టీమ్ మొత్తానికి లింక్ పంపించి, "తప్పుకో సమోసా, ఖర్చు నాది" అని ప్రకటించాను.

సమోసా అనేసరికి మావాళ్ళు ఏ ప్రాజెక్టులోనూ చూపించని శ్రద్ధ చూపించారు. పదకొండు గంటల టీకి ఒక విడత, నాలుగు గంటల టీకి ఒక విడత సైట్ మీద పడేవాళ్ళు. అందులో ఒక చిన్న గడి ఉంది. ఎన్ని కిలోల కేకు కావాలో కొడితే మైదా ఎంత, చక్కెర ఎంత, గుడ్లెన్నో చెబుతుంది. అలాంటి గడి కనబడితే మామూలు మనిషి ఒకటో రెండో కొడతాడు. టెస్టర్ మైనస్ ఐదు కొడతాడు. అది మా వృత్తిధర్మం. కొట్టగానే ఆ సైట్ ఏమాత్రం తడబడకుండా, మైనస్ నలభై గుడ్లు తీసుకోమంది!

"అన్నా, కోళ్ళకు వాపస్ ఇయ్యాల్నేమో!" అన్నాడు నవీన్. క్యాంటీన్‌లో నవ్వులే నవ్వులు. ఆ నవ్వులు విని పక్క టీమ్ వాళ్ళు కూడా వచ్చి మైనస్ ఐదు కొట్టి చూశారు. ఆ తర్వాత నవీన్ ఊరుకోకుండా ఒక ప్రోగ్రామ్ రాశాడు. అది సైట్‌లో పేజీలన్నీ వరసగా తెరిచి చూస్తుంది, ప్రతిసారీ కొత్త మనిషి వచ్చినట్టు. టీకి లేచినప్పుడల్లా దాన్ని తన ఆఫీసు కంప్యూటర్‌లో ఆన్ చేసి వచ్చేవాడు. నేను భుజం తట్టి ఇంకో సమోసా ఇప్పించాను.

బుధవారం మధ్యాహ్నం ఫోన్‌లో ఆ గ్రాఫ్ తెరిచిన నేను కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను!

రోజూ నేల మీద పాకే గీత నిటారుగా లేచి నిలబడింది. గురువారం ఇంకా పైకి పోయింది. నేను చేతిలో టీ మర్చిపోయి కిటికీ దగ్గర నిలబడిపోయాను. బయట ఫ్లైఓవర్ మీద కార్లు, ఎదురుగా అద్దాల బిల్డింగులు. ఇన్ని కోట్లు పెట్టి ఇంతమంది చెయ్యలేని పని, లింగంపల్లిలో ఒక టీచరమ్మ కుక్కర్ కేకుతో చేసేసింది కదా అనిపించింది. నిజం చెబుతున్నాను, దణ్ణం పెట్టబోయాను.

సాయంత్రం సునీతకి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "ఒక్కసారిగా ఎందుకు పెరిగిందంటారు?" అంది.

"వైరల్ అంటారు దీన్ని. నీకు తెలీదులే."

శనివారం ఆ గీత చతికిలబడింది. "మరి ఇదేమిటి?" అంది.

"ఎంత పెద్ద కెరటమైనా మధ్యలో ఊపిరి తీసుకుంటుంది" అన్నాను. అలాంటి మాటలు నాకెక్కడినుంచి వస్తాయో నాకే తెలీదు.

నా భయమల్లా ఒక్కటే. ఈ గ్రాఫ్ ఇంకెవరైనా చూస్తే? ఏ పెద్ద కంపెనీవాడో వచ్చి ఎగరేసుకుపోతే? ఆదివారం బయల్దేరేటప్పుడు సునీత మాత్రం స్పష్టంగానే చెప్పింది. "మీ నవీన్ చెప్పిన తొంభై ఆరు దగ్గర మొదలుపెట్టండి. లక్ష దాటితే నాకు చెప్పకుండా ఒప్పుకోవద్దు. ఓవెన్ డబ్బు ముట్టుకుంటే ఊరుకోను. ఓవెన్ లేకుండా సైట్ కొని ఆర్డర్లొస్తే ఎందులో చెయ్యను, మీ హెల్మెట్‌లోనా?"

సరే అన్నాను. లింగంపల్లి చేరేదాకా ఆ మాట మీదే ఉన్నాను కూడా.

అక్కడ గుమ్మం ముందు చెప్పుల గుట్ట! అయిపోయింది, కొనేవాళ్ళు దిగిపోయారు! లోపల హాల్లో అయిదారుగురు కూర్చుని కేకు తింటున్నారు. వాళ్ళంతా చర్చి నుంచి టీచర్ గారితో వచ్చిన ప్రేయర్ గ్రూపు వాళ్ళని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా కళ్ళకి ఒక్కొక్కరూ లక్షలు జేబులో పెట్టుకొచ్చినవాళ్ళలా కనబడ్డారు. ఒకాయన చంకలో నల్ల సంచి కూడా ఉంది. అందులో బైబిలుంటుందని నాకేం తెలుసు?

కూర్చుంటూనే, "టీచర్ గారూ, లక్షా ఇరవై ఖాయం చేసుకుందాం" అన్నాను.

సునీత నా వైపు తిరిగింది. టీచర్ గారు మాట్లాడకుండా నన్నే చూస్తున్నారు. అంటే చాలదన్నమాట!

"సరే, లక్షా నలభై!"

"ఏంది సార్, జర ఆగుండ్రి..."

"ఆగలేనండీ! లక్షా అరవై! ఇప్పుడే, ఇక్కడే!" అంటూ లేచి నిలబడ్డాను. సునీత కాలి మడమ నా బొటనవేలి మీద పడింది. మామూలుగా కాదు, చపాతీ పిండి అదిమినట్టు అదిమింది. ప్రేయర్ గ్రూపు వాళ్ళు కేకు నమలడం ఆపేశారు.

టీచర్ గారు నెమ్మదిగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పైసల ముచ్చట తర్వాత. ముందు నాకొక డౌటున్నది. మీరు కంప్యూటర్ల పనిచేసేటోళ్ళు కద, జర తీర్చుండ్రి. ఎవరెన్ని కిలోల కేకు అడిగిండ్రో నాకు కనబడేటట్టు పెట్టుకున్న. ఈ వారం ఎవరో మైనస్ ఐదు కిలోలు అడిగిండ్రు. ఒక్కసారి కాదు, మస్తుసార్లు. ఎట్ల సార్? కేకు మైనస్‌ల ఎట్ల తింటరు?"

నేను మెల్లగా కుర్చీలో కూర్చున్నాను.

"ఇంకొకాయన 'నవీన్' కిలోలు కావాలన్నడు."

"నవీనా?" అంది సునీత. ఆ పేరు వినగానే ఆవిడ మొహంలో మొత్తం కథ తిరిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"పొద్దున పదకొండుకు ఎగబడుతున్నరు, మళ్ళ నాలుగుకు. శనివారం వాళ్ళల్ల ఒక్కరు లేరు. ఇదేదో ఆఫీసు చాయ్ టైం లెక్కున్నది అనుకున్న" అన్నారు టీచర్ గారు.

ఇంకేముంది! సమోసాల దగ్గర్నుంచి మొత్తం కక్కేశాను. నా వాళ్ళనే నా మీదికి తోలుకుని, వాళ్ళని చూసి నేనే జడిసి, నా పెళ్ళాం డబ్బుకి నేనే పాట పెంచాను! ముందు నల్ల సంచి ఆయన నవ్వడం మొదలుపెట్టారు. టీచర్ గారైతే కళ్ళు ఒత్తుకుంటూ, "ప్రభువా, ప్రభువా" అంటూ నవ్వారు.

కాస్త తేరుకున్నాక ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మీరు చూసిన గీత నాది కాదు సార్. నాది ఇగో, ఇది" అని పాత వారాలది తీసి చూపించారు. చిన్న గీతే. వారమంతా పడుకుని ఉంటుంది. శనివారం సాయంత్రమయ్యేసరికి మెల్లగా లేస్తుంది. ప్రతి వారం అంతే, ఏళ్ళ తరబడి. కింద వాళ్ళు రాసిన మాటలు. కుక్కర్ మూతకి రబ్బరు తీసెయ్యాలా టీచర్ అని ఒకరు. మూసాపేట నుంచి ఒకామె, మా బాబు మొదటి పుట్టినరోజు, అడుగు మాడింది కానీ పైనంతా బాగొచ్చింది, మీకు చెప్పాలనిపించింది అని. అన్నిటికీ టీచర్ గారు జవాబు రాశారు, ఒక్కటి కూడా వదల్లేదు.

గ్రాఫ్ చూసి నేను దణ్ణం పెట్టబోవడం అది రెండోసారి. ఆ చిన్న గీత లేచినప్పుడల్లా ఎన్ని ఇళ్ళలో కుక్కర్లు పొయ్యి ఎక్కుతున్నాయో! మావాళ్ళు లేపిన కొండ కన్నా ఆ బుడిపె నాకు పెద్దగా కనబడింది. ఇంకా పెద్దగా కనబడింది టీచర్ గారు. నేను లక్షా అరవై అన్నప్పుడు సరే అని ఒక్క మాట అంటే అయిపోయేది కదా! ఆవిడ అనలేదు.

ఆవిడ ఇక నాతో మాట్లాడలేదు. సునీత వైపు తిరిగారు. "నువ్వు చెప్పు బిడ్డా. ఎంతైతే నీకు బరువు కాదు?"

"తొంభై ఆరండీ. రెండేళ్ళ ఆదాయం. మిగతాది ఓవెన్‌కి కావాలి."

"లక్ష జెయ్. క్రిస్మస్ దాంక అడిగేటోళ్ళకు జవాబు నేనే రాస్త. అప్పటికి నీకు అలవాటైతది."

"సరేనండీ" అంది సునీత.

అంతే! చాయ్ చల్లారేలోపు బేరం ముగిసింది. నా వారం రోజుల యుద్ధం, సమోసాల ఖర్చు అంతా అక్కడే నిలబడి చూసింది.

పెద్ద ఓవెన్ వచ్చేసింది. సైట్ మాదైంది. ఆ గడిలో తప్పు సరిచెయ్యమని సునీత నవీన్‌కే పురమాయించింది, శిక్షగా. ఇప్పుడు అందులో మైనస్ ఐదు కొడితే గుడ్ల లెక్క రాదు. దాని బదులు ఆవిడ దగ్గరుండి రాయించిన మాట వస్తుంది: "ప్రసాద్ గారూ, లేచి అరవకండి. కూర్చుని సరైన అంకె చెప్పండి."

అది చూడ్డానికి మా ఆఫీసులో నాలుగో అంతస్తు నుంచి సెక్యూరిటీ దాకా అందరూ రోజూ మైనస్ ఐదు కొడుతున్నారు. గ్రాఫ్ మళ్ళీ నిటారుగా లేచింది. నిన్న ఎవరో ఫోన్ చేసి సైట్ అమ్ముతారా, రెండు లక్షలిస్తానన్నారట. బేరం మాట్లాడ్డానికి నేను ఫోన్ అందుకోబోతే సునీత నా బొటనవేలి వైపు చూసింది.