పుట్టింటి కర్ర

ఆయన్ని అందరూ తొమ్మిది చెట్లాయన అంటారు. వాగు ఒడ్డున బురదనేలలో ఉన్న తొమ్మిది విల్లో చెట్లకు ఇరవై రెండేళ్లుగా ఆయన కాపలా. ఆ రకం విల్లో ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. అంతరించిపోతున్న చెట్ల పట్టికలో పైనుంచి రెండో పేరు దానిదే. పొద్దున సైకిలు మీద వెళ్లి తొమ్మిదీ లెక్కపెట్టేవాడు, సాయంత్రం మళ్లీ లెక్కపెట్టేవాడు. "మధ్యలో అవేమైనా షికారుకెళ్తాయా?" అని భార్య అడిగితే, "ఉద్యోగం సంగతి నీకేం తెలుసు?" అని కసురుకునేవాడు.

చెట్ల మీద ఎంత ప్రేమో, పెరట్లో దండెం కట్టిన కర్ర మీద అంత మంట. పెళ్లైన కొత్తలో ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చి, బట్టలుతికిన నీళ్లు పారే చోట పాతింది. నెల తిరక్కుండానే అది చిగురేసింది. ఆవిడ ఏటా తల నరికినా ఏటా మళ్లీ ఏపుగా పెరిగేది. రాగానే మాసిన చొక్కా దానికే తగిలించే మనిషి, దాన్నుంచి ఎగిరే దూది ఉతికిన చొక్కాకు అంటుకుంటే మాత్రం ఇల్లు పీకి పందిరేసేవాడు.

"మీవాళ్లు నా మీదికి తోలిన కర్ర ఇది!"

"దాని జోలికొచ్చారంటే మీ తొమ్మిదీ ఎనిమిదవుతాయి, చెప్తున్నా."

అలా ఉండగా కొత్తగా ఒక అధికారిణి వచ్చింది. చెట్ల పసుపుపచ్చని పూలను భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచింది.

"వీటిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఇవన్నీ మగవే. విత్తనం ఎక్కడ్నుంచి వస్తుందండీ? బ్రహ్మచారుల సత్రానికి కాపలా ఎందుకు? నెలాఖరుకి ఆడచెట్టు దొరక్కపోతే మీ పోస్టు తీసేస్తాం."

ఆయనకు ఇంకో పని చేతకాదు, నేర్చుకునే వయసూ కాదు. పెళ్లిళ్ల పేరయ్య అవతారమెత్తి వాగు పొడుగునా తిరిగాడు. బురదలో రెండు చెప్పులు పోయాయి, రెండూ ఎడమకాలివే. కనబడ్డవాళ్లందర్నీ ఆడచెట్టు గురించి అడిగాడు. మంగలి మాత్రం కత్తెర ఆపి, "ఎత్తెంత ఉండాలంటారు?" అన్నాడు.

నెలాఖరు రానే వచ్చింది. ఉతికిన యూనిఫాం వేసుకుని, తల వంచుకుని ఆఫీసుకెళ్లాడు. ఉత్తర్వు మీద సంతకం పెట్టబోతున్న అధికారిణి చెయ్యి ఆగిపోయింది.

"మీ భుజం మీద ఏమిటది?"

"దూదండీ, క్షమించాలి. మా ఆవిడ పుట్టింటి కర్ర..."

"దూది కాదండీ, విల్లో విత్తనం! ఆడచెట్టుకే వస్తుంది!"

అరగంటలో జీపు ఇంటిముందు ఆగింది. ఆరేసిన దుప్పట్లు తప్పించుకుంటూ వెళ్లి అధికారిణి కర్రను నఖశిఖపర్యంతం చూసింది. దాని పూలు ఆకుపచ్చగా ఉండబట్టి ఆయనకు ఏనాడూ అనుమానం రాలేదు. అయినా అత్తవారిచ్చిన కర్రను తలెత్తి చూసే అల్లుడెవడు?

"మరి పుప్పొడి ఇంతదూరం ఎలా వచ్చింది?" అనుకుంటూ ఆమె కర్రకు తగిలించి ఉన్న నిన్నటి చొక్కాను చూసింది. భుజాల నిండా పసుపుపచ్చని పొడి. పకపకా నవ్వింది. "ఇన్నేళ్లూ ఈ పెళ్లి చేస్తున్నది మీరేనన్నమాట."

ఉద్యోగం నిలిచింది. మర్నాడు పొద్దున ఆయన సైకిలు తీస్తుంటే భార్య వాకిలికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి? ఇక మీ చెట్లు పది. లెక్క ఇక్కడ్నుంచి మొదలుపెట్టండి."

ఆయన సైకిలు గోడకు చేర్చి, పెరట్లోకి వెళ్లి, కర్ర మీద చెయ్యి వేసి, "ఒకటి" అన్నాడు.