దుమ్ముగూడెం దారిలో జోగమ్మ దాటిన వాగు

సుగుణ ఫోన్ చేసినప్పుడు నేను మధిరలో పసిపిల్లలకు టీకాలు వేసే పనిలో ఉన్నాను. సుగుణ దుమ్ముగూడెం అవతల ఒక గూడెంలో బడి పంతులమ్మ. ప్రతి నెలా రెండో శనివారం చుట్టుపక్కల ఆడవాళ్లను బడి వరండాలో కూర్చోబెట్టి, ఎవరు ఏ కష్టానికి ఎదురు నిలిచారో వాళ్ల నోటితోనే చెప్పిస్తుంది. ఒకరిని చూసి ఇంకొకరికి ధైర్యం వస్తుందని ఆమె నమ్మకం. "అక్కా, ఈసారి నువ్వు రావాలె. వాగు దాటించిన ముచ్చట మా ఆడపిల్లలకు చెప్పాలె," అంది. సరేనన్నాను. అప్పుడు మెల్లగా, "జోగమ్మను గూడ పిలిచిన. నిన్ను చూడక పదకొండేండ్లాయెనట," అంది. ఆ తర్వాత నాలుగు రోజులు నాకు అన్నం సరిగా దిగలేదు.

పదకొండేళ్ల కిందట నేను ఆ గూడెంలో నర్సును. ఒక వానాకాలం, నొప్పులు పడుతున్న అమ్మాయిని మంచం మీద మోయించి, పొంగుతున్న వాగు దాటించి అవతలి ఒడ్డున ఉన్న అంబులెన్సు ఎక్కించానని పత్రికలో నా ఫొటో వేశారు. సర్టిఫికెట్ ఇచ్చారు. కొత్త నర్సుల శిక్షణకు పిలిచినప్పుడల్లా ఆ సంగతే చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క దాచేసేదాన్ని. జోగమ్మ ఆ అమ్మాయి అక్క. నేను దాచిన ముక్క ఆమెకు తెలుసు.

మధిరలో పొద్దున ఆరున్నర ప్రాంతంలో రైలెక్కితే గంటలో ఖమ్మం చేరతాం. ఎనిమిదింటికి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు దొరికింది. మన రాష్ట్రం ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులక్కర్లేని జీరో టికెట్టే. ఫోన్‌లో బొమ్మ కాకుండా కార్డే చేతిలో ఉంచుకోండి, కండక్టర్‌తో వాదన తప్పుతుంది. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడానికి రెండు గంటలు, పాల్వంచ దాటి భద్రాచలానికి ఇంకో గంటన్నర. జనవరి చలి ఇంకా వదల్లేదు. కిటికీ మూస్తే ఊపిరాడదు, తెరిస్తే చెవులు గడ్డకడతాయి. మూయడం, తెరవడం, సీటు మారడం, ఇదే నా పని. ఏన్కూరులో మిరపకాయలు ఏరబోయే ఆడవాళ్లు ఎక్కారు. ఒక పెద్దామె నా పక్కన కూర్చుని కాసేపు చూసి, "ఏందమ్మా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నవ్? పానం బాగలేదా?" అని అడిగింది.

"బాగానే ఉంది పెద్దమ్మా. మీటింగులో మాట్లాడాలి."

"గింత దానికేనా? ఉన్నది ఉన్నట్టు చెప్తే అయిపాయె గదా!" అని నవ్వి, జూలూరుపాడులో దిగిపోయింది.

పదకొండున్నరకు భద్రాచలం బస్టాండులో దిగాను. బయట బండి మీద ఇడ్లీ ప్లేటు తీసుకుని ఒక్కటి తిని వదిలేశాను. ఎదురుగా ఖమ్మం బోర్డుతో బస్సు స్టార్ట్ చేసి ఉంది. సుగుణకు జ్వరమని చెబితే సరిపోతుందని దాని దగ్గరికి నడిచి, మెట్టు మీద కాలు కూడా పెట్టాను. "ఎక్కుతవా, దిగుతవా? జల్దీ చెప్పు," అన్నాడు కండక్టర్. దిగాను. ధైర్యం వచ్చి కాదు, వెనక జనం తోస్తున్నారని.

చర్ల రోడ్డు వైపు షేర్ ఆటోలు బస్టాండు బయటే ఉంటాయి. గూడెం దాకా మనిషికి యాభై రూపాయలు తీసుకున్నారు. సీట్లు నిండితేగాని కదలవు కాబట్టి అరగంట చేతిలో పెట్టుకోండి. గూడేనికి కిలోమీటరు ముందు ఆ వాగు వచ్చింది. ఒక్క నిమిషం ఆపమన్నాను. "బ్రిడ్జి పడ్డదక్కా, ఇప్పుడేం భయం లేదు," అన్నాడు డ్రైవర్. కింద నీళ్లు చీలమండ లోతు లేవు. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. అయినా నేను ఆటో దిగలేదు.

బడి వరండాలో చాపల మీద ఇరవై మంది దాకా ఉన్నారు. మైకు లేదు, కుర్చీలు లేవు. కోయ భాషలో మాట్లాడినవాళ్ల మాటలు సుగుణ తెలుగులో చెబుతోంది. మొదట మధ్యాహ్న భోజనం వండే ఆవిడ మాట్లాడింది. పురుగులు పట్టిన బియ్యం ఇస్తే, పని పోతుందని బెదిరించినా వండకుండా, ఖాళీ గిన్నె ముందర పొద్దంతా కూర్చుందట. సాయంత్రానికి మంచి బియ్యం వచ్చాయి. తర్వాత ఒక అమ్మాయి, మామ కీళ్లనొప్పులతో మంచాన పడితే ట్రాక్టర్ నేర్చుకుని చేను తనే దున్నిన సంగతి చెప్పింది. జనం నవ్వారని, గట్టు మీద ట్రాక్టర్ తిరగేసిన రోజు తనకూ నవ్వొచ్చిందని చెబితే అందరం నవ్వాం. నా ఎదురుగా జోగమ్మ. జుట్టు నెరిసింది. ఆమె నవ్వలేదు, నన్నే చూస్తోంది.

నా వంతు వచ్చింది. ఎప్పటిలాగే మొదలుపెట్టాను. వాన, మంచం, వాగు. "అప్పుడు నేను..." అన్నాక మంచినీళ్లు అడిగాను. సుగుణ నీళ్లిచ్చింది. తాగి చెప్పేశాను. "అప్పుడు నేను ఒడ్డున కూలబడి ఏడ్చాను. నాకు ఈత రాదు, నేను రాను, మీరే తీసుకుపోండి అన్నాను. కర్ర పట్టుకుని ముందు దిగింది జోగమ్మక్క. లోతు చూసి వెనక్కొచ్చి మంచం మోసేవాళ్లకు దారి చూపించింది. నా రెక్క పట్టి నన్ను కూడా లాక్కుపోయింది. ఇన్నేళ్లూ ఈ మాట ఎక్కడా చెప్పలేదు."

జోగమ్మ గొంతు సవరించుకుంది.

"నాకెరుకే గదా. పేపర్ల నా పేరు రాలేదని బాధ లేదు నర్సమ్మా, నాకు చదువే రాదు. గానీ నువ్వు ట్రాన్స్‌ఫరై పోయినంక, మళ్ళ వానకాలం మా వెనకింటి కోడలికి నొప్పులొచ్చినయ్. గట్లనే వాగొచ్చింది. నేను దాటిస్త, తొవ్వ నాకెరుక అన్న. నాడు మంచం మోసినోళ్లు కూలికి పోయిండ్రు. ఉన్నోళ్లు పేపర్ చూసినోళ్లే. దాటించింది నర్సమ్మ, నీకేం తెలుసు అన్నరు. నీళ్లు తగ్గుతయేమోనని పొద్దుగూకేదాక ఒడ్డునే కూసున్నం. తల్లి బతికింది. పిల్ల బతకలె."

"నాకు తెలియదక్కా," అన్నాను.

"ఎట్ల తెలుస్తది? నువ్వు మళ్ళ రాలేదు గదా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కొంచెం నయంగా ఉండేది. ట్రాక్టర్ అమ్మాయి లేచి, "ఆ తొవ్వ నీకెట్ల ఎరుక పెద్దమ్మా?" అని అడిగింది. జోగమ్మ వాకిట్లోకి దిగి పుల్లతో మట్టిలో వాగు గీసింది. నీళ్లు వెడల్పుగా పారి గలగలమనే చోట లోతు తక్కువ, చప్పుడు లేకుండా నున్నగా కనిపించే చోట గుంత. మొఖం ఎగువకు పెట్టి, కర్ర ముందు వేసి, ఏటవాలుగా పోవాలి. "నీరు తొడ దాటిందా, వెనక్కి రావాలె. నాడు దాటలే, అందుకే పోయిన," అంది. భయం కాలేదా అని ఎవరో అడిగారు. "కాలేదా మరి! చెల్లె అరుస్తుంటే భయపడనీకి యాళ్ల యాడిది?" అంది. అప్పుడు నవ్వారు అందరూ, ఆమె కూడా.

నాలుగింటికి చివరి ఆటో హారన్ కొట్టింది. పొమ్మన్నాను. చీకటి పడేదాకా జోగమ్మ చెబుతూనే ఉంది, ఆడపిల్లలు ఆ గీతల చుట్టూ కూర్చుని అడుగుతూనే ఉన్నారు. రాత్రి సుగుణ ఇంట్లో పడుకున్నాను. పొద్దున ఆటో దగ్గరికి జోగమ్మ వచ్చింది. "మళ్ళెప్పుడొస్తవ్?" అంది. వచ్చే నెలన్నాను. "రా, చూద్దాం," అంది.

వెళ్లాను. ఈలోగా ఖమ్మంలో శిక్షణ జరిగితే, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక కొత్త నర్సు, "మరి సర్టిఫికెట్ మీకెందుకిచ్చారు మేడం?" అని అడిగింది. ఇస్తే కాదనకుండా తీసుకున్నానని చెప్పాను. ధైర్యం కథలు విన్నవాళ్లకు బలమిస్తాయని మనం ఊరికే అనుకుంటాం. వాటిని నమ్మి జనం వాగులోకి దిగుతారు, దిగకుండా ఆగిపోతారు కూడా. ఎవరిని నమ్మాలో నా కథ ఆ గూడేనికి తప్పుగా చెప్పింది. ఆ పసిబిడ్డ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను, లేచి తిరుగుతాను.

మీరూ ఆ రెండో శనివారానికి వెళ్లాలనుకుంటే ఒక్క మాట. చివరి ఆటో నాలుగింటికే ఉంటుంది కాబట్టి అదే రోజు తిరిగి రావాలని పెట్టుకోకండి, ఒక దుప్పటి తీసుకెళ్లి రాత్రికి ఉండండి. మాట్లాడటం అలవాటున్న మాలాంటి వాళ్లం మధ్యాహ్నానికే ముగించేస్తాం. జోగమ్మలాంటి వాళ్లు నోరు విప్పేసరికి నాలుగు దాటుతుంది.