తమ్ముడికి తాపిన తిప్పతీగ

కమలాపురం దగ్గర పల్లెలో పసుపు చేలకు కూలికి పోయే జీవమ్మ, తమ్ముడు ఏసుబాబుకు తన కిడ్నీ ఇచ్చి రెండేళ్లయింది. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. జీవమ్మే చంకనేసుకుని తిరిగి పెంచింది. వాడు మైదుకూరులో వెల్డింగు పనిలో కుదురుకుంటుండగానే, ముప్పై నిండకుండా రెండు కిడ్నీలూ పాడయ్యాయి. "నాదొకటి తీసి వానికి పెట్టండి సార్" అంది జీవమ్మ. ఆపరేషనయ్యాక చర్చిలో ఆమెకు శాలువా కప్పారు. ఆమె సిగ్గుపడి దాన్ని తీసి తమ్ముడి భుజాల మీద వేసింది.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సు చీటీ చూపించి గబగబా చెప్పింది. మాత్రలు ఒక్క పూట కూడా తప్పకూడదు, అడక్కుండా వేరే మందు ముట్టకూడదు. జీవమ్మ తలూపింది. ఆమె లెక్కలో మందంటే మాత్ర, లేకుంటే సూది. చేనుగట్టున పెరిగేది కూడా మందేనని ఆమెకు తోచలేదు.

మొన్న వానాకాలంలో ఏసుబాబుకు జలుబు పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. పుట్టగొడుగుల పొడి డబ్బాలు ఇల్లిల్లూ తిరిగి అమ్మే రత్నమణి వాణ్ని చూసి నొచ్చుకుంది.

"ఏందక్కా, పిల్లోడు ఇట్లయిపోయినాడు? ఒంట్లో నిరోధక శక్తి లేదు. కరోనా అప్పుడు ఊరంతా తిప్పతీగ కషాయం తాగలేదా? అది కాంచి, ఈ పొడి కలిపి ఇయ్యి. చెట్టుచేమల సరుకు, చెడుపు చేయదు."

మర్నాటి నుంచి జీవమ్మ వేపచెట్టుకు అల్లుకున్న తిప్పతీగను కోసుకొచ్చి, దంచి, కాచి, చెంచాడు పొడి కలిపి ఇవ్వసాగింది.

"శానా చేదుక్కా. కడప డాక్టరు సార్ను ఒక మాట అడుగుదాం" అన్నాడు ఏసుబాబు.

"సార్ పెంచినాడా నిన్ను, నేను పెంచినానా? తాగు నాయనా."

తాగాడు. అక్క మాట వాడెన్నడూ కాదనలేదు. జలుబు కూడా తగ్గింది. జీవమ్మ పొంగిపోయి రెండు పూటలా ఇచ్చింది.

మూడో నెలలో వాడి కాళ్లు వాచాయి. కడపలో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి మండిపడ్డాడు.

"మాత్రలు మానేశావు కదూ?"

"లేదు సార్, ఒక్క పూట గూడా..."

"అబద్ధాలాడొద్దు."

జీవమ్మకు రోషం వచ్చింది. "నేను దగ్గరుండి మింగిస్తాండా సార్! మాత్రలే కాదు, బలానికని కషాయం గూడా తాపిస్తాండా" అని, ఏమేం కలిపిందో వరసగా చెప్పింది.

డాక్టరు గొంతు తగ్గింది. "అమ్మా, నువ్విచ్చిన కిడ్నీ అతని ఒంటికి పరాయిది. గుర్తుపడితే తరిమేస్తుంది. అందుకే ఆ నిరోధక శక్తిని మాత్రలతో నిద్రపుచ్చి ఉంచాం. నువ్వేమో దాన్ని లేపే మందు తాపావు."

"దానివల్లనేనా సార్ ఇదంతా?"

"అదొక్కటే కారణమని రాసివ్వలేను. ఇవ్వకుండా ఉండాల్సింది."

పది రోజులు సూదులు వేశారు. కిడ్నీ నిలబడలేదు. "నాకింకోటి ఉండాది కదా, అదీ తీసుకోండి" అని జీవమ్మ డాక్టరు కాళ్లు పట్టుకుంది. ఆయన ఆమెను లేపి కూర్చోబెట్టి, అది కుదరదన్నాడు.

చర్చిలో పాస్టరు ఇది దేవుని చిత్తమన్నాడు. "దేవుడు కాదయ్యా, నేను" అంది జీవమ్మ. ఆయన వినిపించుకోనట్టు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. రత్నమణిని అడిగితే, "డబ్బా మీద రాసిందే చెప్పినానక్కా" అని ఏడ్చింది.

ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. అక్కాతమ్ముళ్లు కడప బస్సులో పక్కపక్కనే కూర్చుంటారు. ఒకనాడు ఆమె ఉండబట్టలేక, "నన్నొక్క మాటన్నా తిట్టరా" అంది.

"తిడితే ఏమొస్తాదిలేక్కా" అని వాడు కిటికీవైపు తిరిగాడు.

కోపం చూపడు, ఎదురు చెప్పడు. మాత్రలేసుకోమని అక్క మంచినీళ్లు అందిస్తే మాత్రం, గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఆ తర్వాత తాగుతాడు.