అందరి కిందా పళ్ళెమే

వేణుమాధవ్ గారు కారెక్కబోతూ నేరుగా రేకు పళ్ళెంలో కాలు పెట్టారు. అందులో రాత్రి కురిసిన వాన నీళ్ళున్నాయి. ముందు బూటు, తరవాత సాక్సు, ఆ తరవాత ప్యాంటు అంచు తడిశాయి. కంచన్‌బాగ్‌లోని ఆ లేతు మిషన్ల కార్ఖానాకి ఆయన యజమాని. ఆయన కారు కింద పళ్ళెం పెట్టింది ఆయన దగ్గరే జీతం తీసుకునే శ్రీహరిరావు.

ఒలకగల ప్రతిదాని కిందా పళ్ళెం పెట్టడం రావుగారి జబ్బు. నూనె డ్రమ్ము కింద పెట్టారు, సరే. కూలరు కింద, టీ ఫ్లాస్కు కింద, మేకుకి తగిలించిన గొడుగు కింద కూడా పెట్టారు. కార్ఖానాలో పనిచేసే ఎల్లయ్య ఛత్రినాక బోనాలకి పిలిస్తే వచ్చి, అతని భార్య ఆండాలు నెత్తిమీది బోనం చూసి, "కింద పళ్ళెం లేకుండానే గుడిదాకా వెళతావా తల్లీ?" అని కంగారుపడ్డారు.

ఈ జబ్బు ఆ ఏడాదే పట్టుకుంది. ఏ చట్టమూ అడగని, పర్యావరణాన్ని పాడుచెయ్యమని చాటే ఐ.ఎస్.ఓ. 14001 సర్టిఫికెట్టు తెచ్చుకుంటే పెద్ద ఆర్డర్లు వస్తాయని వేణుమాధవ్ గారికి ఎవరో చెప్పారు. పర్యావరణం మొత్తం రావుగారికి అప్పగించి, పనివాళ్ళని నిలబెట్టి చెప్పారాయన.

"ఆడిట్ అయ్యేదాకా నేలమీద నూనె చుక్క కనబడిందా, ఒలకబోసినవాడు ఇంటికే!"

మిషన్లలో నూనె పోసేది ఎల్లయ్యే. కొన్నాళ్ళుగా కుడిచెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఆండాలుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మర్నాడే అతని మిషన్ల కింద పళ్ళేలు వెలిశాయి.

"నన్ను పట్టనీకే పెట్టిండు. ఎంత ఒలికిందో చూస్తడు," అన్నాడు ఇంట్లో.

"నీ టిఫిన్ డబ్బ కింద గూడ పెట్టిండంటివి గద! అదేం తప్పు జేసింది?" అంది ఆండాలు.

ఆడిట్‌కొచ్చిన ఉదయశ్రీ మేడం, ఇంత కార్ఖానాలో మరో చోటే లేనట్టు వచ్చి ఎల్లయ్య పక్కనే నిలబడింది.

"నూనె ఎలా పోస్తారో చూపించండి."

ఎల్లయ్య డబ్బా ఎత్తాడు. చెయ్యి అతని మాట వినలేదు. సగం నూనె మిషన్లోకి పోయింది, సగం కిందికి పోయింది. వేణుమాధవ్ గారి కళ్ళు ముందు నేలని వెతికాయి. నేల పొడిగా ఉంది. నూనె అంతా పళ్ళెంలో బుద్ధిగా కూచుంది.

మేడం వంగి చూసింది. పక్క మిషన్ కింద చూసింది. కూలరు కింద చూసింది. గొడుగు కింద మాత్రం కొంచెం ఎక్కువసేపు చూసింది.

"ఒక్క మిషన్నీ వదల్లేదే! బాగుంది," అంది.

వేణుమాధవ్ గారు నవ్వారు. ఎల్లయ్య నూనె డబ్బా దించాడు. మేడం టీ కప్పు కింద పెట్టబోయేలోపు రావుగారు అక్కడో పళ్ళెం జరిపారు.

సాయంత్రం రావుగారు పళ్ళెంలో నూనె మళ్ళీ డ్రమ్ములోకి వంచుతుంటే ఎల్లయ్య దగ్గరికెళ్ళాడు.

"సార్, నా చెయ్యి సంగతి మీకు ఎర్కనా?"

"మొదట్నించీ తెలుసు. రేపు డాక్టరు దగ్గరికి పోదాం, నేనూ వస్తా."

ఎల్లయ్యకి ఏడుపు రావలసింది, కోపం వచ్చింది.

"నా ఒక్కని కింద పెడితె అయిపోతుండె గద సార్! సేటు బూటు తడిపి, గొడుగు కింద పెట్టి, మా ఆండాలు బోనాన్ని గూడ ఇడువకపోతిరి. గింత లొల్లి ఎందుకు జేసిన్రు?"

"ఒక్కడి కింద పెడితే వాడి లోపం అంటారు ఎల్లయ్యా, అందరి కిందా పెడితే సిస్టమ్ అంటారు!"