బాగానే ఉన్నానండి అన్నందుకు

అది పందొమ్మిది వందల యాభై ఎనిమిది. బందరు డిస్ట్రిక్ట్ మున్సిఫ్ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా ఉన్నాను. ప్లీడరు గుమాస్తా అంటే ఇప్పటివాళ్లకు తెలియదేమో. కక్షిదారు చెప్పేది విని కాగితం మీద పెట్టడం, కోర్టు ఫీజు స్టాంపులు అతికించడం, సాక్షులు దారిలో కాఫీ హోటలు చూసి ఆగిపోకుండా వేళకు బోను దగ్గరికి చేర్చడం మా పని. నాది ఘంటసాల దగ్గర పల్లె. మిషన్ బడిలో చదివింది కొద్దే. తక్కిన చదువంతా ప్లీడరుగారు చదివి అటక మీద పడేసిన లా రిపోర్టుల్లోంచి నా అంతట నేను సంపాదించుకున్నదే. అందుకే కాబోలు, చదువుకున్నవాళ్లు చదువును అడ్డం పెట్టుకుని చేసే అన్యాయం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ కేసు తలుచుకున్నా అంతే.

ఆ రోజుల్లో బెజవాడ నుంచి బందరుకు చాలా సరుకు కాలవ మీదే వచ్చేది. పడవల కంపెనీ ఒకటి ఉండేది. పేరు రాయను, ఆ పేరుకు ఇంకా బతికే యోగం నా చేతుల మీదుగా ఎందుకు? నాంచారయ్య ఆ కంపెనీలో రేవు మనిషి. పడవ రేవుకు తగిలాక బస్తాలన్నీ దించేదాకా అది కదలకుండా నడుంలోతు నీళ్లలో నిలబడి భుజం ఆన్చి పట్టుకోవాలి. మీసం రాకముందు ఆ నీళ్లలోకి దిగినవాడు తల నెరిసేదాకా అందులోనే ఉన్నాడు. కుడికాలికి బోద వచ్చింది.

బోదకాలు మా వైపు కొత్త కాదు. గజ్జల్లో బిళ్ల కడుతుంది, వణుకుతో చలిజ్వరం వస్తుంది. జ్వరం తగ్గాక చూస్తే కాలు ఇంతకుముందు కన్నా కాస్త లావుగా ఉంటుంది. మళ్లీ జ్వరం, మళ్లీ లావు. నాంచారయ్యది ఇంకా ఏనుగుకాలు కాలేదు. పడుకుంటే వాపు తీసేది, నిలబడితే మళ్లీ ఎక్కేది. నిలబడడమే అతని ఉద్యోగం.

కంపెనీలో రిలీఫ్ ఫండు అని ఉండేది. పనివాళ్ల జీతాల్లోంచి నెలనెలా కోసి వేసిన సొమ్మే అది. దీర్ఘవ్యాధితో పని చేయలేని స్థితికి వచ్చినవాడికి ఆ ఫండులోంచి బతికినంతకాలం భృతి ఇవ్వాలని రూలు. జబ్బు ఎందుకొచ్చిందో, ఎక్కడొచ్చిందో రూలు అడగలేదు. నాంచారయ్య అర్జీ పెట్టుకున్నాడు. కంపెనీ డాక్టరు చూసి ఫిట్ అని సర్టిఫికెట్ రాశాడు. ఫండు ట్రస్టీలు, అంటే కంపెనీ పెద్దలే, భృతి లేదు పొమ్మన్నారు. అక్కడితో ఊరుకోలేదు. ఒంట్లో బాగుండి కూడా పనిలోకి రావడం లేదు కాబట్టి వెంటనే దిగకపోతే ఉద్యోగం తీసేస్తామని నోటీసు పంపారు. దిగితే కాలు పోతుంది, దిగకపోతే కూడు పోతుంది. అప్పుడు మొగుడూ పెళ్లాం మా ఆఫీసుకు వచ్చారు.

"డాక్టరు ఏమడిగాడయ్యా?" అన్నారు మా ప్లీడరుగారు.

"ఎలా ఉన్నావురా అనడిగారండి."

"నువ్వేమన్నావు?"

"బాగానే ఉన్నానండి, తమరి దయవల్ల అన్నానండి."

ప్లీడరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నాంచారయ్య భార్య తిరపతమ్మ అందుకుంది. "అదొక్కటేనా? ముందురోజు రాత్రి ఏం చేశాడో అడగండి గుమాస్తాగారూ. డాక్టరుబాబు ముందుకి ఈ కాలేసుకుని ఎలా వెళ్తానని గుడ్డ బిగించి చుట్టి, కాలు పైకెత్తి దూలానికి తాడేసి కట్టుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి పెళ్లికొడుకు కాలల్లే తయారైంది. పైన ఉతికిన పంచె. ఆ డాక్టరు సంబంధం చూడ్డానికొచ్చాడనుకున్నాడో ఏవిటో."

"పెద్దాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు కాస్త శుభ్రంగా వెళ్లొద్దంటే?" అన్నాడతను, నా వైపు చూస్తూ.

మా నాన్నయినా అదే చేసి ఉండేవాడు. మా వైపు మనిషి మంచం పట్టి ఉన్నా, పెద్దమనిషి పలకరిస్తే ఆ మాటే అంటాడు. ఆ డాక్టరూ మా వైపువాడే. ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో అతనికి తెలియదా? తెలుసు. తెలిసీ సర్టిఫికెట్లో, తాను ఆరోగ్యంగా ఉన్నట్టు రోగే ఒప్పుకున్నాడు అని ఇంగ్లీషులో రాశాడు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మర్యాద కాస్తా వాంగ్మూలమై కూర్చుంది.

ట్రస్టీల నిర్ణయం చెల్లదని, భృతి ఇప్పించాలని దావా వేశాం. కంపెనీ రిటన్ స్టేట్‌మెంట్, అంటే ప్రతివాది ఇచ్చే జవాబు, నేనే కూడబలుక్కుని చదివాను. ఈ జిల్లాలో బోదకాలు సర్వసాధారణమట. ఆ కాళ్లతోనే జనం పొలాలు దున్నుకుంటున్నారట. అందుచేత అది పనికి అడ్డొచ్చే జబ్బు కాదట. నలుగురికీ ఉన్న నొప్పి నొప్పి కాదన్నమాట. దీనికి నేను ఘాటుగా ఒక జవాబు రాసి ప్లీడరుగారి ముందు పెట్టాను. ఆయన చదివి, "నీ కోపానికి వేరే కోర్టు ఫీజు కట్టాలోయ్" అని చించేశారు.

విచారణ శ్రావణమాసంలో వచ్చింది. రాత్రంతా వాన, పొద్దున్నే ఎండ, బందరు ఉక్క. కోర్టు వరండాలో తిరపతమ్మ నన్ను పక్కకు పిలిచింది. మొహం మాడిపోయి ఉంది.

"మళ్లీ కట్టుకున్నాడండీ."

"ఏం కట్టుకున్నాడు?"

"కాలు. దూలానికి. మున్సబుగారి ముందుకి వెళ్లాలి కదా అన్నాడు."

చూస్తే నిజమే. కాలు కాస్త బొద్దుగా ఉందంటే ఉంది, అంతే. మోపిదేవిలో మొక్కుకుని తెచ్చిన నల్లతాడు ఆమె ఆ ఉదయమే అతని చీలమండకు కట్టింది. అది వదులుగా వేలాడుతోంది. నేను వెళ్లి ప్లీడరుగారికి చెప్తే ఆయన కోటు తొడుక్కుంటున్నవారు ఒక చెయ్యి అందులో ఉండగానే ఆగిపోయి, "అయితే దావా గోవిందా" అన్నారు.

బోనెక్కిన నాంచారయ్యను ముందు మా ప్లీడరుగారు అడిగే ప్రశ్నలు, వాటిని చీఫ్ అంటారు, తొందరగానే ముగిశాయి. తర్వాత క్రాస్. అంటే అవతలి ప్లీడరు సాక్షిని నిలదీసి అడగడం. కంపెనీ ప్లీడరు బెజవాడలో పేరున్నవాడు. లేచీ లేవగానే కాలు చూపించమన్నాడు. నాంచారయ్య పంచె ఎత్తి చూపించాడు.

"ఇదేనా నీ బోదకాలు?"

"ఇదేనండి."

"ఇంతకన్నా నా కాలే లావుగా ఉందే."

"తమరు తినే తిండి వేరు కదండీ," అన్నాడు నాంచారయ్య, ఎంతో వినయంగా. వెనక బెంచీల్లో నవ్వారు. కంపెనీ ప్లీడరుకు మంటెత్తింది. అక్కణ్నుంచి అతను వదల్లేదు.

మున్సిఫుగారు చిన్న వయసువాడు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. జబ్బు మనిషి కదా అని సాక్షికి స్టూలు వేయమన్నారు. నాంచారయ్య చేతులు జోడించాడు. "తమరి ఎదురుగా కూర్చోవడమాండీ? నిలబడతాను."

"రికార్డు చేయాలి," అన్నాడు కంపెనీ ప్లీడరు సంబరంగా. "స్టూలు ఇస్తే వద్దన్నాడు. నిలబడగలనన్నాడు." మున్సిఫుగారు రాసుకున్నారు. కంపెనీ ప్లీడరు ఎత్తు అప్పుడు నాకు అర్థమైంది. ఈ మనిషిని పొద్దు వాలేదాకా బోనులో నిలబెట్టి, ఇంతసేపు నిలబడ్డవాడు పని చేయలేడా అని చివర్న అడుగుతాడు. మర్యాదకు మర్యాదే ఉరితాడు.

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. "డాక్టరుగారితో బాగానే ఉన్నానన్నావు. అది నిజమా, అబద్ధమా?"

నాంచారయ్య మున్సిఫుగారి వైపు చూశాడు.

"నిజమైతే నీకు జబ్బు లేదు. అబద్ధమైతే నువ్వు అబద్ధాలకోరువి. రెండిట్లో ఏదో చెప్పు."

"పెద్దలు అడిగితే అనేదండీ అది."

"నిజమా, అబద్ధమా?"

మా ప్లీడరుగారు తల దించుకుని కాగితాలు సర్దుకోసాగారు. సర్దడానికి ఆయన ముందు కాగితాలేమీ లేవు.

మధ్యాహ్నం భోజనానికి కోర్టు లేచింది. వరండా చివర గోడ పక్కన చాప పరిచి, కాసేపు కాలు గోడకు ఎత్తి పెట్టుకుని పడుకోమన్నాను. నాంచారయ్య పడుకోబోయాడు. తిరపతమ్మ చాప చుట్టేసింది.

"వద్దు. పైకి పెట్టొద్దు."

"లాగేస్తోందే."

"లాగనీ. రాత్రంతా దూలానికి కట్టి దాని నోరు నొక్కావు. ఇవాళ దానిష్టం. నువ్వెటూ చెప్పవు, అదన్నా చెబుతుంది." అతను మెత్తబడి చూస్తే ఆమె గొంతు తగ్గించింది. "నీళ్లలోకి నిన్ను మళ్లీ దిగనివ్వను. కావాలంటే ఈ వరండాలోనే చస్తాను."

నా వైపు తిరిగింది. "ఇది తప్పాండీ గుమాస్తాగారూ?"

"తప్పెలా అవుతుందమ్మా? ఆ కాలు అబద్ధం ఆడడం లేదుగా," అన్నాను.

మధ్యాహ్నం తర్వాత కంపెనీ ప్లీడరు తాపీగా సాగదీశాడు. ఏ రేవు, ఏ పడవ, దాన్ని నడిపే సరంగు ఎవరు, ఎవరెవరు సాక్ష్యం. ఉక్కకు పంకా గాలి కూడా వేడిగానే ఉంది. నాంచారయ్య బోను కటకటాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. ముందు మొహం చెమట పట్టింది. తర్వాత చెమట ఆరిపోయి పెదవులు వణకడం మొదలైంది. అంత వేడిలో అతనికి చలి పుట్టింది. ప్రశ్న అడిగితే జవాబు చెబుతూనే ఉన్నాడు, దవడలు టకటక కొట్టుకుంటూ ఉంటే.

మున్సిఫుగారు కలం ఆపి అతనికేసి చూశారు. "ఏమయ్యా, ఒంట్లో ఎలా ఉంది?"

నాంచారయ్య కటకటాలు వదిలి చేతులు జోడించాడు. వదలగానే ఒక పక్కకు ఒరిగాడు.

"బాగానే ఉన్నానండి, తమరి దయవల్ల."

ఎవరో వెనక నవ్వబోయి మానుకున్నారు. మున్సిఫుగారు పంచె ఎత్తమన్నారు.

కంపెనీ ప్లీడరు లేచాడు. "పొద్దున్నే చూపించాడు కదా, మళ్లీ ఎందుకు?"

"పొద్దున్న చూశాను కాబట్టే," అన్నారు మున్సిఫుగారు.

చీలమండ లేదు. పిక్క నుంచి పాదం దాకా ఒకటే దిమ్మ. చర్మం బిగిసి మెరుస్తోంది. నల్లతాడు మాంసంలోకి దిగిపోయి, పైకి గాడి ఒక్కటే కనిపిస్తోంది. బంట్రోతు కత్తితో ఆ తాడు కోయబోతే కత్తిమొన దూర్చడానికి సందు దొరకలేదు. తిరపతమ్మ బోను దగ్గరికి వెళ్లి గోళ్లతో లాగి తెంపింది. ఆమెను ఎవరూ ఆపలేదు.

సాక్షి చెప్పిన మాటలే కాక, చెప్పేటప్పుడు అతను ఎలా ఉన్నాడో కూడా జడ్జి రాసుకోవచ్చు. దాన్ని డెమీనర్ నోట్ అంటారు. మామూలుగా అది సాక్షి తడబడ్డాడనో, దాటవేశాడనో పేదవాడి మీద రాసేదే. ఆ రోజు మున్సిఫుగారు రాసింది వేరు. ఆ నోటు నకలు నేనే తీశాను. సాక్షి చలిజ్వరంతో నిలబడలేని స్థితిలో ఉండి కూడా, కోర్టు అడిగినప్పుడు బాగానే ఉన్నానన్నాడు. కాబట్టి డాక్టరుతో అన్న అదే మాటను ఆరోగ్యానికి సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదు. తీర్పు ఆ నోటు మీదే వచ్చింది. ట్రస్టీల నిర్ణయం కొట్టేశారు, భృతి ఇమ్మన్నారు, నోటీసు చెల్లదన్నారు. కంపెనీ సబ్ కోర్టుకు అప్పీలు వెళ్లింది. అక్కడా ఆ నోటును ఎవరూ కదపలేకపోయారు.

తర్వాత రోడ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి, పడవల కంపెనీ మూతబడింది. దానికి నేను చింతించలేదు. నాంచారయ్య అప్పటికి మోపిదేవిలో గుడి దారిలో కొబ్బరికాయలు అమ్ముకునేవాడు, పీట మీద కూర్చుని, కాలు ఇంకో పీట మీద చాపుకుని. ఎవరొచ్చినా లేచేవాడు కాదు. ఒకసారి అటు వెళ్లి, "ఎలా ఉన్నావు నాంచారయ్యా?" అన్నాను. అలవాటుగా నోరు తెరిచాడు. పక్కనున్న తిరపతమ్మ కొబ్బరికాయ చేత్తో పట్టుకుని అతని వైపు చూసింది.

"కూర్చోండి గుమాస్తాగారూ," అన్నాడతను. "చెప్పాలంటే చాలా ఉంది."

కూర్చుని అంతా విన్నాను.

ఆ తర్వాత నా ఉద్యోగం ముగిసేదాకా డాక్టరు దగ్గరికి వెళ్లే ప్రతి కక్షిదారుకూ ఒకటే చెప్పి పంపాను. ఎలా ఉన్నావని అడిగితే మర్యాద ఇంట్లో పెట్టి రమ్మని. మా ప్లీడరుగారు నవ్వేవారు, నువ్వు జిల్లా మర్యాదంతా పాడుచేస్తున్నావని. చేశాను. ఎదుటివాడి మంచితనాన్ని తీసుకెళ్లి కోర్టులో అతని మీదే సాక్ష్యంగా, ఎగ్జిబిట్‌గా మార్కు చేయించేవాళ్లు ఉన్నంతకాలం ఆ మర్యాద పాడైపోవలసిందే.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది. దారిన పోయేవాళ్లు ఆగి, "ఎలా ఉన్నారండీ?" అంటారు. మోకాళ్లు, చెవి, నిద్ర, మూత్రం, అన్నీ వరసగా చెప్తాను. కొందరు విసుక్కుంటారు, కొందరు గడియారం చూసుకుంటారు. చూసుకోనివ్వండి. అడిగినవాడు వినాలి.