అండాలమ్మ ఆసు లెక్క

“సబ్బు పెట్టినవా? ఎవరు పెట్టుమన్నరే బిడ్డా నిన్ను? పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగ గాకేమైతది. ఆ రెండిటికి పడదు.”

గుమ్మంలో నిలబడ్డ వేదవతిని లోపలికి రమ్మనైనా అనకుండా, అండాలమ్మ ఆమె చేతిలోని పట్టుచీర అందుకుంది. కుచ్చిళ్ల దగ్గర అరచేతి వెడల్పున మరక. మొన్న పడ్డప్పుడు పచ్చగా ఉండేది. నిన్న బట్టల సబ్బు తగిలేసరికి ఎర్రగా తిరిగింది. ఎవరినో పొడిచి వచ్చినట్టుంది చూడ్డానికి. అండాలమ్మ దాన్ని ముక్కుదాకా తెచ్చుకుని, కళ్లు మూసుకుని, తీరిగ్గా వాసన చూసింది.

“ఆవకాయ,” అంది. “నువ్వుల నూనె. ఎల్లిపాయ దండిగ ఏసిన్రు. చెయ్యి తిరిగిన మనిషి. ఎవరు పెట్టిన్రు?”

“మా అత్తగారండి.”

“చీర?”

“చీర కూడా మా అత్తగారిదేనండి.”

అండాలమ్మ కళ్లు తెరిచింది. “ఆమె ఆవకాయ ఆమె చీర మీదనే పడ్డదన్నట్టు. ఇంట్ల సంగతి ఇంట్లనే అయితే గింత పరేషాన్ ఎందుకు?”

ఎందుకో వేదవతి నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

అత్తగారు ఉదయలక్ష్మిది భీమవరం. పోయినసారి వచ్చినప్పుడు, పెళ్లిళ్లకి అక్కరకొస్తుందని ఈ పోచంపల్లి చీర కొడుకు ఇంట్లోనే బీరువాలో పెట్టి, తాళంచెవి కోడలి చేతికిచ్చి వెళ్లింది. “నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టేనమ్మా” అంది. ఆరేళ్ల కాపురంలో అత్తగారి నోట వేదవతి విన్న మెచ్చుకోలు అదొక్కటే. ఆ తాళంచెవిని ఆమె మంగళసూత్రాల పక్కన పిన్నీసుకి తగిలించుకుని తిరుగుతోంది. అలాంటిది మొన్న హయత్‌నగర్‌లో స్నేహితురాలి గృహప్రవేశానికి, ఒక్క పూటే కదా అని ఆ చీర కట్టింది. ఉత్తచేతులతో ఎలా వెళ్లడమని ఆవకాయ సీసా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. హైవే మీద ఆటో ఎక్కడ ఎగిరిందో, సీసా మూత ఎప్పుడు వదులైందో, దిగి చూసుకుంటే కుచ్చిళ్లు తడిగా ఉన్నాయి.

రేపు కొత్తపేటలో అత్తగారి మేనకోడలి నిశ్చితార్థం. ఆ చీర కట్టుకోవడానికి ఉదయలక్ష్మి తెల్లవారుజామునే బస్సెక్కింది. ఇప్పుడు పదిన్నర. ఒంటిగంటకల్లా ఎల్బీనగర్‌లో దిగుతుంది.

“ఇప్పుడు బస్సు యాడున్నది?” అంది అండాలమ్మ.

“కోదాడ దాటిందటండి.”

“అయితే మస్తు టైమున్నది. కూసో.”

చైతన్యపురిలో హాస్టళ్ల మధ్య ఇరుక్కున్న ఆ మూడంతస్తుల ఇంట్లో అండాలమ్మది కింది వాటా, వేదవతి వాళ్లది పై వాటా. రెండు కుటుంబాలూ కిరాయికి ఉన్నవే. అండాలమ్మ కొడుకు సిద్ధిరాములు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌మన్. పొద్దున పోతే దీపాలవేళకి గానీ రాడు. పగలంతా ఆవిడ గుమ్మం ముందు మాత్రం చెప్పుల వరస తెగదు. మాడిన గిన్నె పట్టుకుని ఒకరు, సిరా పడ్డ చొక్కాతో ఇంకొకరు. చలికాలంలో పెరుగు తోడుకోవడం లేదని ఎదురు హాస్టల్ పిల్ల వస్తే, “పచ్చిమిరపకాయ తొడిమలు రెండు పాలల్ల ఏసి మూతపెట్టి, ఇగ దాని మొఖం సూడకు” అని పంపింది. ఆ పిల్ల మర్నాడు గిన్నెడు గడ్డపెరుగు తెచ్చి, గిన్నె బోర్లించి మరీ చూపించింది. ఫ్రిజ్‌లో వాసనకి బొగ్గుముక్క, రాగిచెంబుకి చింతపండు తొక్కు, పురుగు పట్టే కందిపప్పుకి ఎండుమిరపకాయలు. ఇవన్నీ వేదవతి ఓ పాత డైరీలో రాసుకుంటోంది. రాసుకోవడంలో ఒక్క చోటే చిక్కు.

అండాలమ్మ లెక్క నిమిషాల్లో ఉండదు. ఆసు పోగుల్లో ఉంటుంది.

పోచంపల్లి పక్క ఊళ్లో పుట్టి, ఆ పక్క ఊళ్లోనే మెట్టి, పదకొండో ఏటే, మగ్గమెక్కే ముందు పట్టుపోగుని చుట్టే ఆసు ముందు కూర్చున్న మనిషి ఆవిడ. అర్ధచంద్రంలా కొట్టిన మేకుల వరస ఒకవైపు, ఒంటిమేకు ఒకవైపు. పట్టుపోగుని దీన్నుంచి దానికి, దాన్నుంచి దీనికి చేత్తో లాగి తగిలించాలి. ఒక్క చీరకి చెయ్యి కొన్ని వేలసార్లు పోయి రావాలి. నలభై ఏళ్లు అలా పోయి వచ్చిన చెయ్యి అది. ఆసు పోసే మెషీన్ ఇంటికొచ్చిన రోజున చుట్టుపక్కలంతా, అండాలమ్మకిక సుఖం అన్నారు. “ఏం సుఖం? నెలదాక అన్నం తినేటప్పుడు గూడ చెయ్యి అటిటు పొయ్యేది. ముద్ద నోటికి రాక పక్కోని చెవుల పడుతుండె,” అని చెప్పుకుని ఆవిడే నవ్వుతుంది. చివరికి ఆ చేతికి వంటింట్లో పని దొరికింది. పొయ్యి మీద గంజి పెట్టి ఎదురుగా గాలిలో చెయ్యి ఆడిస్తే, నూటయాభై పోగులకి గంజి దిగాలి. దించుతుంది. ఎప్పుడూ తప్పలేదు. కొత్తగా కిరాయికి వచ్చినవాళ్లు కిటికీలోంచి చూసి, పెద్దావిడ పాలకి దిష్టి తీస్తోందనుకుంటారు.

వేదవతి ఆ గంజి లెక్క డైరీలో రాసుకుని, తన నూలుచీరకి తనే పెట్టుకుంది ఒకసారి. నూటయాభై సార్లు చెయ్యి ఆడించింది కూడా. ఆమెది పూజలో హారతి తిప్పే చెయ్యి. అండాలమ్మ మూడుసార్లు లాగే వేళకి ఈమెది ఒకసారి. గంజి హల్వా అయింది. ఆ చీర ఆరాక గోడకి ఆనించకుండానే నిలబడింది. భర్త బాపిరాజు ఆఫీసు నుంచి వచ్చి, దానికో నమస్కారం పెట్టి లోపలికి వెళ్లాడు.

అందుకే ఇవాళ వేదవతి ఫోను బయటికి తీసింది. “పిన్నిగారూ, మీరు చెయ్యి ఆడించండి, నేను స్టాప్‌వాచ్ పెడతాను. నిమిషాల్లో రాసేసుకుంటాను.”

“రాసుకో, రాసుకో. ముందుగాల గా బియ్యప్పిండి డబ్బా అందియ్యి.”

చీరని మంచం మీద పరిచి, మరకకి అటూ ఇటూ బియ్యప్పిండి చల్లి, అరచేత్తో అద్ది వదిలేసింది. నూనె గుంజనీకి అయిదొందల పోగులు, అంది. కుడిచెయ్యి మోకాలి మీదుగా అటూ ఇటూ మొదలైంది. అసలు ఆ చెయ్యి ఆడుతోందని ఆవిడకి తెలుసో లేదో. చెయ్యి దారిన చెయ్యి, నోరు దారిన నోరు.

“మా అత్త ఉండె,” అంది. “నాకు పదేడేండ్లప్పుడు, ఆమె పెండ్లి చీర మీద దీపం నూనె పోసిన. చెప్పలే. మడత లోపలికి తిప్పి పెట్టెల పెట్టిన. మూడేండ్లు నాకు ఆ పెట్టె తీస్తే గుండె దడదడ. ఆఖరికి ఆమెనే తీసి, గీ మరక సంగతి నాకు ఆ దినమే ఎర్కే పిల్లా, నువ్వెప్పుడు చెప్తవోనని సూస్తున్న, అన్నది. మూడేండ్లు సూసింది. ఎంత మొండిది సూడు.”

“మరి మీరేమన్నారండీ?”

“ఏమంట? అయిదొందలైనయ్, పిండి దులుపు.”

వేదవతి స్టాప్‌వాచ్ చూసింది. పదమూడు నిమిషాల నలభై సెకన్లు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూసి రాసుకుంది. పిండి ముద్దలు ముద్దలుగా, నూనె పీల్చుకుని రాలింది. జిడ్డు పోయింది, ఎరుపు అలాగే ఉంది.

కుంకుడుకాయలు నానేసిన గిన్నె అండాలమ్మ ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. పిసికి నురుగు తీసి, నురుగు మాత్రమే వేళ్లతో మరక మీద పెట్టింది. రుద్దలేదు. పసిపిల్ల చెంప తట్టినట్టు తట్టింది. గంటకు పైగా తట్టగా తట్టగా, వేదవతి కళ్లెదుటే ఎరుపు వెనక్కి తిరిగి పసుపైంది.

“కోపం దిగింది,” అంది అండాలమ్మ. “ఇగ పచ్చ పోవాలె. అది నాతోని గాదు, ఎండతోని.”

ఫోన్ మోగింది. ఉదయలక్ష్మి.

“ఏవమ్మా వేదా, చౌటుప్పల్ వచ్చేసింది. చీర తీసి కాస్త గాలికి ఆరేశావా?”

“ఇప్పుడే మేడమీదికి తీసుకెళ్తున్నానండి అత్తయ్యా,” అంది వేదవతి. ఫోను పెట్టేశాక, “అబద్ధం కాదు కదండీ పిన్నిగారూ,” అంది.

“కాదు. నిజం గూడ కాదు. నడువ్.”

మేడమీద ఎండ దంచుతోంది. పట్టుకి ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, పసుపుకి ఎండ తగలకపోతే పోదు. అందుకని అండాలమ్మ ఓ పాత తువ్వాలు తడిపి, మధ్యలో మరకంత మేర కత్తిరించి, చీర మీద పరిచింది. కన్నంలోంచి మరక ఒక్కటే ఆకాశం వంక చూస్తోంది.

“వెయ్యి పోగులు. నూరు తక్కువైతే పచ్చ మిగులుతది, నూరెక్కువైతే చీర తెల్లవడ్తది. మీ అత్తమ్మకు అప్పుడు ఒకటి కాదు, రెండు సంగతులు చెప్పాలె.”

చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి సగంలో ఆగింది. అండాలమ్మ పళ్లు బిగించి భుజం పట్టుకుంది. ఇందాకటి అయిదొందలకే పట్టేసింది. దవాఖానలో డాక్టరు ఆ చేత్తో దువ్వెన కూడా పట్టుకోవద్దన్నాడని అప్పుడు చెప్పింది.

“పోనీ స్టాప్‌వాచ్ ఉందిగా పిన్నిగారూ. అయిదొందలకి పదమూడు నిమిషాల నలభై అయితే, వెయ్యికి ఇరవయ్యేడు...”

“నీ గడియారం నీడల పోసిన లెక్క. ఎండల చెయ్యి ఆగుతదా అట్ల? ఎండ ముదురుతున్న కొద్ది చెయ్యి ఉరుకాలె. ఇట్ల రా. నువ్వు గుంజు, నేను చెప్త.”

అలా వేదవతి మిట్టమధ్యాహ్నం మేడమీద నిలబడి, కనిపించని మేకుల మధ్య కనిపించని పట్టుపోగు లాగడం మొదలుపెట్టింది. నీళ్లట్యాంకు నీడలో కూర్చుని అండాలమ్మ పైకే లెక్కపెడుతోంది. “జర బిరాన. హారతిస్తున్నవా? మోచెయ్యి తోటి కాదు, భుజంతోటి. ఆ, గట్ల. మబ్బొచ్చింది, ఆపకు, నిమ్మలం చెయ్యి. పోయింది, ఇగ ఉరుకు.” ఎదురు హాస్టల్ బాల్కనీలో నలుగురు పిల్లలు చదువుకునే పుస్తకాలు మూసేశారు. అందులో పెరుగుపిల్ల, “ఆంటీ, ఇది భుజం నొప్పికా, బరువు తగ్గడానికా?” అని అరిచి అడిగింది.

“అత్త భయానికి,” అంది అండాలమ్మ లెక్క తప్పకుండా. “మున్నూట పన్నెండు.”

ఆరువందల దగ్గర ఫోన్ మోగింది. వేదవతి ఎడంచేత్తో తీసింది. కుడిచెయ్యి ఆగలేదు, ఆగితే పెద్దావిడ ఊరుకోదు.

“పెద్ద అంబర్‌పేట్ దాటాం. ఏవమ్మా, అలా రొప్పుతున్నావే?”

“మేడమీద... ఎండలో ఉన్నానండి.”

“నా చీర కోసం ఎండలో ఎందుకమ్మా అంత కష్టం. నీడకి రా. ఒళ్లు జాగ్రత్త.”

వేదవతి ఫోను నడుముకి దోపుకుంది. తిట్టినా బాగుండేది. హయత్‌నగర్ వచ్చేసరికి ఎనిమిదివందలు. వనస్థలిపురం దగ్గర బస్సు సిగ్నల్‌లో ఆగడం వేదవతి అదృష్టం. వెయ్యి అనగానే అండాలమ్మ లేచి, ఒక్క ఊపున తువ్వాలు తీసి, చీర నీడలోకి లాగింది.

మరక లేదు. వేదవతి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. పోగు పోగునా ఎరుపూ నలుపూ తెలుపూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె అక్కడే గచ్చు మీద కూలబడి, భుజం నొక్కుకుంటూ నవ్వింది. పిన్నీసుకున్న తాళంచెవి తడిమి చూసుకుంది.

“ఇంక ఆవిడకి తెలియనే తెలియదు కదండీ.”

అండాలమ్మ ఆమె వేళ్లు పట్టుకుని మరక ఉన్న చోట పెట్టించింది. తర్వాత పక్కన పెట్టించింది. మళ్లీ మరకచోట. అక్కడ పట్టు మెత్తగా, వంద సార్లు ఉతికినట్టుంది. పక్కన కొత్త నోటులా కరకరలాడుతోంది.

“కంటికి తెల్వదు,” అంది. “కుచ్చిళ్లు పోసుకునే చేతికి తెలుస్తది. ఆవకాయ అంత బాగ కలిపిన చెయ్యి గది. దానికి తెల్వకుంటదా?”

వేదవతి మొహం మళ్లీ వాడింది. కింద ఆటో వచ్చి ఆగిన చప్పుడు. బాపిరాజు పంపించినది, ఎల్బీనగర్ వెళ్లడానికి. ఇద్దరూ మెట్లు దిగారు. అండాలమ్మ చీర నాలుగు మడతలు వేసింది. మెత్తని చోటుని లోపలికి తిప్పబోయి, ఆగి, బయటికే తిప్పి ఆమె చేతిలో పెట్టింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి ఓ చిన్న స్టీలు గిన్నె తెచ్చింది.

“నా పని ఒకటి చేసిపెడ్తవా బిడ్డా? పొద్దుగాల్నుంచి ఆ వాసనకు నోట్ల నీళ్లూరుతున్నయ్. గీ గిన్నెల జరంత ఆవకాయ గావాలె.”

“అంతేనా పిన్నిగారూ? ఇంట్లో జాడీలో సగం ఉంది, ఇప్పుడే తెచ్చేస్తాను.”

“నువ్వియ్యకు. పెట్టింది మీ అత్తమ్మ, ఆమెనే అడుగు. బస్సు దిగంగనే గిన్నె చేతిల పెట్టు. కింది వాటాలామెకు నా ఆవకాయ సంగతి ఎట్ల ఎర్కైందమ్మా అని అడుగుతది గదా,” అండాలమ్మ గిన్నెని ఆమె చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. “అడిగినంక చెప్పు. మూడేండ్లు ఆగకు. పో, ఆటో ఆయన హారన్ కొడ్తున్నడు.”