పొద్దుటి చెయ్యి, సాయంత్రం చెయ్యి

రిటైరవ్వడానికి ఏడాది ముందు, వానలు మొదలైన వారంలో, నన్ను ఉక్కు ప్లాంటు ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం నుంచి భిలాయిలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వారానికి రెండు రోజుల డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను అసిస్టెంట్ జనరల్ మేనేజర్ని. కొలిమి వేడి, గ్యాసు ఒత్తిడి, నీటి ప్రవాహం కొలిచే పరికరాలు అబద్ధం చెప్పకుండా చూడడం మా విభాగం పని. కాలేజీలో అప్పగించింది మాత్రం సంగీతం. చేతివేళ్ళు సహకరించనివాళ్ళు ఒంటికి సెన్సర్లు కట్టుకుని వాయించగలిగే డిజిటల్ వాద్యం మీద అక్కడ పరిశోధన జరుగుతోంది. సెన్సర్ల సంగతి తెలిసినవాళ్ళు ఒకరు కావాలన్నారట. నాకు సరిగమలు రావని ముందే చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

ప్రాజెక్టు చూస్తున్నది శ్వేత అనే రిసెర్చ్ స్కాలరు. తాతల నాడు విజయనగరం నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడితే సగం హిందీ. వాద్యాన్ని మొదట వాయించి చూడడానికి ఒప్పుకున్నావిడ సెక్టర్ 4లో ఉండే పైడితల్లి. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆడవాళ్ళ భజన బృందంలో ఇరవయ్యేళ్ళు హార్మోనియం ఆవిడదే. పక్షవాతం వచ్చి కుడిచేతి వేళ్ళు పడిపోయాయి. చెయ్యి ఎత్తగలదు, దించగలదు, మెట్లు నొక్కలేదు. బృందం ఆవిడ ఎడమచేతికి చిడతలిచ్చి వెనక వరసలో కూర్చోబెట్టింది. మళ్ళీ ముందు వరసలో హార్మోనియం వాయించాలన్నదే ఆవిడ కోరిక. ఆ చోటికి ఈమధ్య ఇంకొకామె వచ్చింది. పైడితల్లికి ఈ కొత్త వాద్యం కుదరకపోతే ఆ చోటు ఆమెకే ఖాయం చేస్తామని బృందం చెప్పేసింది.

వాద్యమంటే రెండు పట్టీలు, ఒక స్పీకరు. ఎడమచేతి పట్టీ హార్మోనియం తిత్తి కొట్టే ఊపుని బట్టి శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. కుడి ముంజేతి పట్టీ చెయ్యి ఎంత ఎత్తున ఆగిందో చూసి స్వరం పలికిస్తుంది. ఒళ్ళో ఉంటే స, ఎత్తేకొద్దీ రి, గ, అలా పై స దాకా. చెయ్యి కింద ఉన్నప్పటి రీడింగు జీరో, అక్కణ్ణుంచి పూర్తిగా ఎత్తేదాకా ఉన్న మేర స్పాన్. ఈ రెండూ సరిచెయ్యడాన్నే కాలిబ్రేషన్ అంటాం.

ప్లాంటులో మా వర్క్‌షాపుకి ఒక పద్ధతి ఉండేది. పరికరాన్ని సరిచేశాక జీరో స్క్రూ మీద ఎర్ర పెయింటు చుక్క పెట్టి పంపిస్తాం. చుక్క పగిలిందంటే ఎవరో కెలికారన్నమాట. అలా కెలికిన ఆపరేటర్లకి నేను బోలెడు మెమోలిచ్చాను, ఒక్కదానికీ బాధపడలేదు. అందుకే శ్వేత, "మేడమ్, రీసెట్ బటన్ ఆంటీ దగ్గరే పెట్టేద్దాం నా, ఖుద్ తనే సెట్ చేసుకుంటారు" అన్నప్పుడు కసిరాను. ఉదయం పదిగంటలకి ల్యాబులో మూడుసార్లు రీడింగు తీసి, సగటు కట్టి, సెట్టింగులకి పాస్‌వర్డు వేశాను. ఆ పూట పైడితల్లి అన్ని స్వరాలూ తప్పు లేకుండా పలికించింది. నేను పొంగిపోయాను.

శనివారం సాయంత్రం భజనకి నేనూ శ్వేతా కూడా వెళ్ళాం. మొదటి పాట బాగానే నడిచింది. రెండో పాటలో పై స్వరాలు అందలేదు. రోజంతా ఇంటిపని చేసి అలిసిన చెయ్యి పొద్దున్న లేచినంత ఎత్తుకి లేవడం లేదు. ని పలకాల్సిన చోట ధ పలికింది. భుజం ఎగరేసి, పళ్ళు బిగించి చూసింది. పాడేవాళ్ళు ఆగిపోయారు. ఎవరో మెల్లగా చిడతలు ఆవిడ వైపు జరిపారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పైడితల్లి పట్టీ విప్పి నా ఒళ్ళో పెట్టింది. "మేడమ్, నాకు పొద్దుట సెయ్యి వేరు, సాయంత్రం సెయ్యి వేరు. మీ మిషనుకి పొద్దుట సెయ్యే తెల్సు" అంది. సెన్సరు తప్పేమీ లేదని వాదించబోయాను. ఆవిడ తబలా వాయించే అమ్మాయిని చూపించింది. "ఆ పిల్ల పాట పాటకీ సుత్తెట్టి కొట్టుకుంతాది గదా. ఆ సుత్తి అట్టుకుపోయి మీ ఆఫీసులో దాసేస్తే అదేటి వాయిస్తాది?"

సిగ్గేసింది. పాస్‌వర్డు అక్కడే శ్వేతకి చెప్పేశాను.

తర్వాతి వారం సుపేలా బజార్లో ఒక పెద్ద స్విచ్చు కొని ఆవిడ ఎడమచేతికి అందేలా బిగించాం. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని నొక్కితే జీరో. కష్టపడకుండా ఎంత ఎత్తగలిగితే అంత ఎత్తి మళ్ళీ నొక్కితే స్పాన్. పాట మధ్యలో మార్చేస్తే ఎప్పుడు ఏ సెట్టింగు ఉందో సరైన రికార్డు ఉండదని నేను ఇంకా గొణుగుతూనే ఉన్నాను. రికార్డు తను చూసుకుంటానని, నన్ను టెన్షన్ పడొద్దని శ్వేత అంది.

ఆ శనివారం పైడితల్లి నాలుగుసార్లు "ఉండండర్రా" అని భజన ఆపి, స్విచ్చు నొక్కుకుంది. తబలా బిగించుకునేటప్పుడు ఆగినట్టే అందరూ ఆగారు. చివరి పాటకి ఆవిడ చెయ్యి పొద్దుటి ఎత్తులో సగం కూడా లేవలేదు. ఏడు స్వరాలూ, పై సతో సహా, ఆ సగంలోనే పలికాయి. ఒకచోట స్వరం వంకరగా పోతే తనే నవ్వేసింది. హార్మోనియం ఎవరికన్న మాట బృందం మళ్ళీ ఎత్తలేదు. వచ్చే వారం ఏం పాడదామని ఆవిడనే అడిగారు. నాకు ఆ సాయంత్రం చాలా తృప్తిగా అనిపించింది.

కొలిమి రీడింగు పూటకోలా ఉంటే లోపమని లాగ్‌బుక్కులో రాసి సరిచేస్తాం. మనిషి చెయ్యి పూటకోలా ఉండడం మామూలు. ఆ పూట కొలత ఎంతో చెప్పగలిగేది ఆ చెయ్యి ఉన్న మనిషే. ఇది ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నాకు తట్టలేదు. ఆ తర్వాత ఇంకో నలుగురికి పట్టీలు కట్టాం. ఒక్కరి సెట్టింగూ నేను ముట్టుకోలేదు. స్విచ్చు ఎక్కడుందో చూపించి, వాళ్ళు సర్దుకునేదాకా పక్కన కూర్చున్నాను.